బేకరీ తెరవబోయే మేనల్లుడికి

వాసూ,

భీమవరంలో బేకరీ పెడుతున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. అద్దె, పనివాళ్లు, పెట్టుబడి సంగతులు నాకన్నా నీకే బాగా తెలుసు. నేను రాస్తున్నది పఫ్ పిండిలో పొరలకు వాడే కొవ్వు గురించి.

చౌక వనస్పతి అంటే బేకరీలకు ఎందుకంత ఇష్టమో నాకు తెలుసు. ఎండాకాలంలోనూ జారిపోదు, పఫ్ పొరలు పొరలుగా పొంగుతుంది, బిస్కట్ నెలలు గడిచినా నిలవ వాసన వేయదు. నికెల్ సాయంతో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించడం వల్ల వచ్చిన గుణాలివి. ఆ పని సగంలో ఆపితే ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. అది ఒంట్లో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది. ఇలా రెండు వైపులా దెబ్బతీయడమే దీని ప్రత్యేకత. దీనివల్ల ప్రపంచంలో ఏటా 5 లక్షల మందికి పైగా గుండె, రక్తనాళాల జబ్బులతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంచనా వేసింది.

అమెరికాలో ఫ్రెడ్ కుమ్మెరో అనే శాస్త్రవేత్త మనిషి ఒంట్లో ఈ కొవ్వు చేరుతోందని 1957లోనే రాశాడు. అక్కడి ప్రభుత్వం దాన్ని వద్దని తేల్చింది 2015లో. అప్పటికి ఆయనకు నూరేళ్లు. ఈలోగా చాలా ఏళ్లపాటు తిన్నవాళ్లకు తాము తింటున్నదేమిటో తెలియదు.

మన దేశంలో 2022 జనవరి 1 నుంచి 100 గ్రాముల కొవ్వులో ట్రాన్స్ 2 గ్రాములు మించకూడదు. మంచి చట్టమే. కానీ ప్యాకెట్ మీదైతే అచ్చు ఉంటుంది, నీ గాజు బీరువాలోని పఫ్ మీద ఏముంటుంది? బడి వదలగానే చిల్లర పట్టుకొచ్చే పిల్లవాడు అందులో ఏం వేశావని అడగడు. అడగనివాడి పట్ల ఎలా ఉన్నామన్నదే, వాసూ, వ్యాపారంలో ధర్మం. తనిఖీకి వచ్చే అధికారికి భయపడి చేసేది ధర్మం కాదు.

కాబట్టి పేరూ ఊరూ లేని విడి డబ్బా ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోకు. ట్రాన్స్ ఎంతుందో అచ్చువేసిన సరుకే, బిల్లు తీసుకుని కొను. సమోసాలు వేయించిన నూనెను మర్నాడు కొత్త నూనెలో కలిపే అలవాటు నీ వంటవాడికి ఉంటే మొదటి రోజే మాన్పించు. పదేపదే కాగిన నూనెలో ట్రాన్స్ ఒక్కటే కాదు, ఇంకా చాలా చెడు పదార్థాలు పుడతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం లేకపోయినా, నల్లబడి నురగ కట్టిందంటే ఇక ఆలోచించనక్కర్లేదు.

పక్క కొట్టువాడు తక్కువకు అమ్ముతాడంటావేమో. నువ్వు పఫ్‌కి రెండు రూపాయలు ఎక్కువ తీసుకో, ఎందుకో అడిగినవాళ్లకు చెప్పు. కొందరు వెళ్లిపోతారు, వెళ్లనీ.

కొట్టు తెరిచేలోపు నువ్వు కొన్న కొవ్వు డబ్బా మీది అచ్చు ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య