ఎట్లయినను చచ్చునవే గదా!

మన గ్రామ సంఘములలో పందులను పెంచి జీవించు కుటుంబములు కొన్ని కలవు. ఒక ఈతలో పుట్టిన పిల్లలు, ఆడవియు మగవియు, ఒకే దొడ్డిలో పెరుగుట మనమెరిగినదే. పాలు మరచిన క్రొత్తలో దీనివలన చిక్కేమియు లేదు. అవి ఎదిగి, కోతకు అమ్ముటకు ఇంక నెల రెండు నెలలున్నప్పుడు చిక్కు మొదలగును. అప్పుడును ఆడ మగ పందులను కలిపి యుంచవచ్చునా? "ఎట్లయినను చచ్చునవే గదా, ఆ కొద్ది దినములకు వేరు దొడ్డి ఎందుకు?" అని కొందరందురు. ఆ మాట సరియైనదా యని ఈ నెల మనము ఆలోచింతము.

మొదట దొడ్డిలో జరుగునదేమో చూడవలెను. విత్తులు తీయని మగపంది సుమారు 5, 6 నెలలకు ఈడుకు వచ్చును. అది మొదలు ఎదురుపడిన ప్రతిదాని మీదికి ఎక్కజూచును. ఎదకు రాని ఆడపందిని గాని, బలహీనమైన తోడి మగపందిని గాని విడిచిపెట్టదు. క్రిందబడినది కుంటుచు, ఒడలెల్ల గీరుకొనిపోయి, తొట్టి యొద్దకు వచ్చుటకే భయపడును. ఇరుకు దొడ్డిలో తప్పించుకొని పోవుటకు దానికి చోటు లేదు.

రెండవది, మగపంది వాసనయు సహవాసమును ఆడపందిని త్వరగా ఎదకు తెచ్చును. సీమజాతి ఆడపంది సాధారణముగా 6 నెలల ప్రాయమున ఎదకు వచ్చును. చైనా దేశపు మెయిషాన్ జాతిలో 3 నెలలకే వచ్చును. చూలు నిలువనిచో 21 దినములకొకసారి ఎద తిరిగి వచ్చును. నిలిచినచో సుమారు 114 దినములకు ఈనును. కాబట్టి ఈ నెల చూడి కట్టిన పందిని రెండు నెలలకు కోతకు పంపినచో, కడుపులో రూపు దిద్దుకొనిన పిల్లలతో అది కత్తి క్రిందికి పోవును. మన దేశములో 2001లో వచ్చిన కబేళా నియమములు చూడి జంతువును కోయరాదని చెప్పుచున్నవి. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే లేవీయకాండము 22వ అధ్యాయములో పశువును దాని పిల్లను ఒక్కనాడే వధింపరాదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ కలిగినది. అది ఆవును, గొఱ్ఱెను గూర్చిన మాటయే. అయినను చంపుటకు సెలవున్న చోట సయితము ఒక హద్దు కలదని దానివలన నేర్చుకొందుము.

"అట్లయిన మగపిల్లలకు విత్తులు తీయించిన సరిపోవును" అని ఒకరనవచ్చును. దొడ్డి నెమ్మదిపడుట నిజమే. కొన్ని మగపందుల మాంసము వండునప్పుడు వచ్చు చెడు వాసనయు తప్పును. కాని మత్తుమందు లేకుండ చేయు ఆ కోతలో పిల్ల పడు బాధ చిన్నది కాదు. ఈ చిక్కు మన పల్లెలది మాత్రమే కాదు. జర్మనీ దేశములో మత్తు ఇయ్యక పందిపిల్లల విత్తులు తీయుట 2021 జనవరి 1 నుండి నిషేధింపబడినది. బ్రిటన్‌లో చాలమంది పెంపకందారులు విత్తులు తీయక, మగవాటిని లేతవయస్సుననే కోతకు పంపుదురు. ఆస్ట్రేలియాలో 1998లోనే కత్తికి బదులు టీకా వాడుకలోనికి వచ్చినది.

విత్తులు తీసినచో బాధ మగపిల్లది. తీయక కలిపి యుంచినచో బాధ ఆడపందిది, బలహీనమైనదానిది. వేరుపరచినచో శ్రమయు ఖర్చును యజమానునివి. ఎవరో ఒకరు భరింపక తప్పనప్పుడు, లాభము పొందువాడు భరించుటయే న్యాయమని మాకు తోచుచున్నది. జంతువు తన తోడును గాని దొడ్డిని గాని కోరుకొనలేదు. అవి రెండును మనమేర్పరచినవే.

ఒక్క దొడ్డి తప్ప లేని బీదవాడు ఏమి చేయవలెను? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దొడ్డి నడుమ రాతి గోడ యొకటి లేపుకొనవచ్చును. అదియు వీలుకానిచో, మగవాటిని ఈడుకు రాకమునుపే ముందుగా అమ్మవచ్చును. లేదా ఇరుగు పొరుగు కుటుంబములు రెండు మాట్లాడుకొని, పాలు మాన్పించునప్పుడే ఆడపిల్లలను ఒకరు, మగపిల్లలను ఒకరు పెంచుకొనవచ్చును. సంఘమను మాటకు అర్థము ఇట్టి పనులలోనే కనబడవలెను. ఎదిగిన తరువాత మాత్రము క్రొత్తవాటిని కలుపరాదు. అవి పోట్లాడి గాయపడును. లారీ ఎక్కించునప్పుడును ఇదే జాగ్రత్త వలెను.

ఇక "ఎట్లయినను చచ్చునవే గదా" అను మాట. మంచము పట్టిన ముసలివానిని చూచి, ఎట్లయినను పోవువాడే గదా యని మనము నీళ్లియ్యక మానము. మనుష్యుడును పందియు సమానమని మేము చెప్పుట లేదు. మరణము దగ్గరపడినంత మాత్రమున బాధ తేలిక కాదని చెప్పుచున్నాము. పందికి రేపటి సంగతి తెలియదు. నేటి నొప్పి మాత్రము తెలియును. సామెతల గ్రంథము 12వ అధ్యాయములో తన పశువు ప్రాణమును పట్టించుకొనుట నీతిమంతుని గురుతుగా చెప్పబడినది. ఎక్కువకాలము బ్రదుకబోవు పశువును మాత్రమే అని అక్కడ లేదు.

కాబట్టి మీ దొడ్డిలో 4 నెలలు నిండిన పిల్లలున్నచో, ఈ వారమే ఆడవాటిని మగవాటిని వేరుచేయుడి. నాటుపందులలో ఈడు లక్షణములు అంతకు ముందే కనబడినచో, అప్పుడే వేరుచేయుడి.