పొద్దుపోవడం, పొద్దు పోగొట్టుకోవడం

ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడొకడు జూలై నెలలో ఒక సాయంత్రం నన్ను అడిగాడు: "సార్, టైమ్ జల్దీ పోవాలంటే ఏం చేయాలె?" దసరా సెలవులకు ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి, వేళ్లు చాలక వదిలేసి వచ్చాడు. ఆడుకో, చదువుకో, పడుకో అని ఏదో చెప్పి పంపేశాను. ఇలాంటి ప్రశ్నలకు ఉపాధ్యాయులం అలాగే జవాబు చెబుతాం. వాడు వెళ్లిపోయాక అనిపించింది, ఇది పిల్లవాడి ప్రశ్న మాత్రమే కాదని. మన ఊళ్లలో పెద్దవాళ్లు కూడా బతుకులో చాలా భాగం ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. బస్సు కోసం, బియ్యం కోసం, కుల సర్టిఫికెట్ కోసం, పోడు పట్టా కోసం, ఉద్యోగ నోటిఫికేషన్ కోసం. ఆ ఎదురుచూపు బరువును తగ్గించుకోవాలనుకోవడం తప్పా? తగ్గించుకున్నప్పుడు దానితోపాటు పోయేది ఇంకేమైనా ఉందా?

పొద్దు ఎందుకు పోదు అన్నదాని గురించి చదువుకున్నవాళ్లు చాలానే ఆలోచించారు. ఫ్రాన్స్ తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1907లో వచ్చిన తన పుస్తకంలో ఒక చిన్న ఉదాహరణ చెప్పాడు. గ్లాసు నీళ్లలో చక్కెర వేసి తాగాలంటే, నీకు ఎంత తొందరున్నా అది కరిగేదాకా ఆగవలసిందే. గడియారం చూపే కాలం అందరిదీ. ఆగుతున్నవాడి ఆత్రంలో సాగే కాలం మాత్రం వాడిదే. అమెరికాలో విలియం జేమ్స్ 1890లో అచ్చయిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఇంకొక మాట గమనించాడు. పనులతో నిండిన రోజు గడిచేటప్పుడు తొందరగా గడుస్తుంది, తర్వాత తలచుకుంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఖాళీ రోజు దీనికి తలకిందులు. గడిచేటప్పుడు సాగుతుంది, తలచుకుంటే కుంచించుకుపోతుంది. సంతకు పోయివచ్చిన రోజునూ, జ్వరంతో పడుకున్న రోజునూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇది నిజమని ఎవరికైనా తెలుస్తుంది.

1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన క్యూలలో నిలబడేవాళ్ల మనసు గురించి ఒక వ్యాసం రాశాడు. వ్యాపారాలు నడిపేవాళ్ల కోసం రాసినదే అయినా మనకు పనికొస్తుంది. చేతిలో పని ఉంటే ఎదురుచూపు చిన్నదవుతుంది. ఎంతసేపో తెలియనప్పుడు పెద్దదవుతుంది. ఎందుకో చెప్పకపోతే ఇంకా పెద్దదవుతుంది. వెనక వచ్చినవాడు ముందు లోపలికి పోతుంటే అన్నిటికన్నా భారమవుతుంది. ఈ నాలుగు మాటలూ ఏ ఆఫీసు వరండాలోనైనా మనవాళ్లు రోజూ అనుకునేవే. ఆయన వాటిని కాగితం మీద పెట్టాడు, అంతే.

కాబట్టి ఉపాయం తేలికే అనిపిస్తుంది. మనసుకు ఏదో ఒక పని పెడితే సరిపోతుంది. ఇప్పుడు ఆ పని జేబులోనే ఉంది. సిగ్నల్ ఉన్న చోట ఫోన్ తీస్తే గంట అయిదు నిమిషాలవుతుంది. సిగ్నల్ లేని చోట కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా ఉంటుంది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో బాపుతో కలిసి ఒక ఆఫీసుకు పోయాను. భూమి కాగితాల్లో ఆయన పేరు తప్పు పడింది, దాన్ని సరిచేయించాలి. ఉదయం మొదటి బస్సుకు బయలుదేరి పదింటికల్లా వరండాలో ఉన్నాం. సారు రాలేదన్నారు. తర్వాత మీటింగులో ఉన్నడన్నారు. బాపు గోడకు ఆనుకుని కూర్చుని తలుపు వైపే చూస్తున్నాడు. నేను ఫోన్‌లో ఆట పెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడున్నరకు బాపు నీళ్లు తాగివస్తానని లేచి, "పేరు పిలిస్తే ఇనరా" అని చెప్పి పోయాడు. అప్పుడే పిలిచారట. అటెండర్ మన ఇంటిపేరును ఎప్పటిలాగే వంకర చేసి ఒక్కసారి పిలిచి, ఎవరూ లేవకపోతే ఇంకొకరిని లోపలికి పంపాడు. నేను వినలేదు. బాపు వచ్చి అడిగితే ఇంకా పిలవలేదని చెప్పాను కూడా. అయిదింటికి సారు జీపెక్కాడు. మళ్లీ సోమవారం రమ్మన్నారు. అంటే మళ్లీ ఇద్దరి బస్సు కిరాయి, మళ్లీ ఒక రోజు కూలి.

బాపు తిట్టలేదు. బస్టాండులో ఒక్క మాటే అడిగాడు: "ఇంతసేపు ఈడనే ఉన్నవు గదరా, యాడికి పోయినవ్?"

ఆ తర్వాత ఆయన చెప్పింది విని నాకు ఆశ్చర్యం వేసింది. ఆ రోజంతా ఆయన ఊరికే కూర్చోలేదు. ఎవరి ఫైలు ఎవరి చేతిలో లోపలికి పోయిందో, ఏ కాగితం లేదని ఎవరిని తిప్పి పంపారో, మా కన్నా వెనక వచ్చిన ఇద్దరు ఎవరితో మాట్లాడి ముందు పోయారో అన్నీ చూశాడు. చదువు రాని మనిషికి ఆ ఆఫీసు ఎలా నడుస్తుందో ఒక్క పూటలో అర్థమైంది. డిగ్రీ చదివే నాకు ఆటలో ఎన్నో లెవెల్ దాటానో మాత్రమే తెలుసు. ఒకే వరండాలో నా పొద్దు తొందరగా పోయింది, బాపుది పోలేదు. మరుసటి సోమవారం పని జరిగిందంటే ఆయన చూసిపెట్టుకున్న సంగతుల వల్లే జరిగింది. తప్పు నాదని ఒప్పుకుంటాను. ఒక్కసారి పిలిచి ఊరుకునే పద్ధతి కూడా తప్పేనని ఇప్పటికీ అంటాను.

బాపుకు అలా చూడడం ఎక్కడ వచ్చింది? చేను దగ్గర వచ్చిందనుకుంటాను. జొన్న గింజ పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద కావలి ఉండేవాళ్లకు పొద్దు పోవాలనే కోరిక ఉంటుంది, కానీ పొద్దు మరిచిపోయే వీలు ఉండదు. పగలు వడిసెలతో పిట్టలను తోలాలి. రాత్రి అడవి పందుల కోసం చెవి ఒగ్గి ఉండాలి. నెగడు వేసుకుంటారు, పాట పాడుకుంటారు, పక్క చేను మంచె మీది మనిషికి కూత వేస్తారు. ఆ పాట పొద్దు గడపడానికే. కానీ అదే పాట "ఇక్కడ మనిషి ఉన్నాడు" అని పందికి కూడా చెబుతుంది. మంచె మీది మనిషి తనను ఊరడించుకుంటూనే కావలి కాస్తాడు. ఈ రెండూ ఒక్క పనిలో కుదురుతాయని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఫోన్‌లో కుదరనిది అదే.

ఇప్పపువ్వు కాలం ఇంకా మంచి ఉదాహరణ. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునే గంపలు పట్టుకుని చెట్టు కిందికి పోతాం. పువ్వు తనంతట తాను రాలాలి. మన తొందర కోసం చెట్టు రాల్చదు. మసక చీకట్లో కూర్చుంటే మొదట ఒకటి, తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి రాలే చప్పుడు వినిపిస్తుంది. ఆ వాసనకు ఎలుగుబంటి కూడా వస్తుంది కాబట్టి ముసలివాళ్లు పిల్లలను మాట్లాడిస్తూనే చెవులు చెట్ల వైపు పెట్టి ఉంటారు. నేను విన్న కథల్లో సగం ఇప్పచెట్టు కిందే విన్నాను. ఆ పొద్దు ఎలా పోయిందో తెలియదు, కానీ నలభై ఏళ్లకు కూడా గుర్తుంది. జేమ్స్ చెప్పిన నిండిన కాలం అంటే ఇదే. ఫోన్ కాలం గురించి మాత్రం ఆయన ఊహించి ఉండడు. అది గడిచేటప్పుడూ తొందరగా గడుస్తుంది, తలచుకుంటే అందులో ఏమీ మిగిలి ఉండదు. రెండు వైపులా నష్టమే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, చెప్పాలి. మన ఎదురుచూపును ఇలా పొగుడుతూ పోతే అది మన మీదికే వస్తుంది. "గిరిజనులకు ఓపిక ఎక్కువండీ, పొద్దున్నుంచీ కూర్చున్నా పల్లెత్తు మాట అనరు" అని మెచ్చుకునే అధికారులను మనమందరం చూశాం. ఆ మెప్పు నాకు నచ్చదు. ఇప్పపువ్వు కోసం ఆగడమూ, సంతకం కోసం ఆగడమూ ఒకటి కావు. పువ్వు ఆలస్యానికి ఎండా చలీ కారణం. సంతకం ఆలస్యానికి మనిషి కారణం. అర్జెంటీనాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త హావియేర్ ఔయేరో బ్యూనస్ ఎయిర్స్‌లోని ప్రభుత్వ సహాయ కార్యాలయాల్లో పేదవాళ్లు ఎలా ఎదురుచూస్తున్నారో గమనించి 2012లో ఒక పుస్తకం వెలువరించాడు. మళ్లీ రా, ఇంకా కూర్చో, రేపు చూద్దాం అనే మాటలు విని వినీ మనిషి హక్కు అడిగే పౌరుడిగా కాక, దయ కోసం ఓపిక పట్టే రోగిలా తయారవుతాడని ఆయన వాదన. అది చదివితే బ్యూనస్ ఎయిర్స్ మన మండల కేంద్రానికి దూరమనిపించదు.

అలాంటప్పుడు పొద్దు తొందరగా పోయే ఉపాయం ఎవరికి మేలు చేస్తుంది? వరండాలో వందమంది ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే లోపలున్న మనిషికి ఏ ఇబ్బందీ లేదు. వందమంది తలుపు వైపు చూస్తుంటే ఉంటుంది. ఎదురుచూపులో నొప్పి ఉన్నది ఒక పనికే. ఇది ఇలా ఉండకూడదు అని అది చెబుతుంది. మందు వేసి ఆ నొప్పిని అణచివేస్తే, జబ్బు లోపలే ఉండిపోతుంది.

మన యువకుల సంగతి తలచుకుంటే ఇది ఇంకా బాధగా ఉంటుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు పూర్తిగా స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికి డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్నవాళ్లకు ఎదురుచూపు ఒక్కరోజులో మారిపోయింది. ఎంతకాలమో తెలియనిదైంది, దేనికోసమో కూడా సరిగ్గా తెలియనిదైంది. అలాంటి ఒక తమ్ముడు నాతో అన్నాడు: "అన్నా, రెండేండ్లు ఎట్ల గడిచినయో తెల్వనే తెల్వదు." చాలామంది ఈ మాటను సంతోషంగా ఉన్నవాళ్ల నోట వింటారు. వాడు మాత్రం తల దించుకుని అన్నాడు.

అలాగని ప్రతి ఎదురుచూపునూ కళ్లు తెరుచుకునే భరించాలని నేను అనను. డోలీలో గర్భిణిని రోడ్డు దాకా మోసుకొచ్చి 108 కోసం ఆగిన ఆ గంటలో, పక్కనున్న ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని ఏవేవో కబుర్లు చెబుతారు. పుట్టబోయే బిడ్డ ఎవరి పోలికో అని నవ్విస్తారు. ఆమె పొద్దును తొందరగా గడపడం అక్కడ దయ, ధర్మం కూడా. కానీ గమనించండి. ఆమెకు కబుర్లు చెప్పేవాళ్లు ఉన్నప్పుడే, రోడ్డు మలుపు వైపు చూస్తూ ఫోన్ కలుస్తుందా అని గుట్ట ఎక్కేవాళ్లు కూడా ఉంటారు. ఊరడించేవాళ్లూ, కావలి ఉండేవాళ్లూ పని పంచుకుంటారు. అందరూ ఊరడింపులోనే పడితే బండి వచ్చి తిరిగిపోతుంది.

ఎదురుచూపును చిన్నది చేసే ఇంకో దారి ఉంది. మైస్టర్ చెప్పిన రెండో మాట, ఎంతసేపో తెలియడం. దీన్ని మనం బతిమాలి అడగనక్కరలేదు, కొన్ని చోట్ల చట్టమే ఇచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ తీసుకున్న అటవీ హక్కుల కమిటీ అందినట్టు రాసి ఇవ్వాలి. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టకూడదని అదే చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ చట్టం కింద ఎదురుచూడడమంటే చేతులు కట్టుకుని వరండాలో కూర్చోవడం కాదు, చేను దున్నుకుంటూ ఆగడం. రశీదు చేతిలో ఉన్నవాడి కాలమూ, రశీదు లేనివాడి కాలమూ ఒకేలా నడవవు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక దరఖాస్తు రాయడం, దాని మీద తేదీ వేయించుకోవడం నేర్పితే బాగుంటుంది. వ్యాసం రాయడం ఎలాగూ నేర్పుతున్నాం.

నాగోబా దగ్గర మెస్రం వాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ ఒక సంగతి తోస్తుంది. గోదావరిలోని హస్తినమడుగు దాకా నడిచిపోయి నీళ్లు తెచ్చి, కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేసి, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ కోసం ఆగుతారు. జీపులో పోయి ఒక పూటలో నీళ్లు తేవచ్చని వాళ్లకు తెలియదా? ఆ ఆగడాన్ని తగ్గిస్తే పూజలో కొంత తగ్గినట్టేనని వాళ్ల లెక్క. అదే జాతరలో దర్బారు కూడా జరుగుతుంది. కుమ్రం భీము పోరాటం తర్వాత, 1940లలో హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించినది. దేవుడి కోసం జనం ఆగిన చోటికే అధికారులు రావాలి, వచ్చి కూర్చుని వినాలి. ఇప్పుడు ఆ దర్బారులో వినేదెంత, ఉపన్యాసాలెంత అన్నది వేరే చర్చ. ఎవరు ఎవరి దగ్గరికి వచ్చి ఆగాలన్న ఆలోచన మాత్రం సరైనదే.

ఆ పిల్లవాడి దగ్గరికి మళ్లీ వస్తాను. రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్నకు ఫోన్ చేయించాను. విత్తనాలు వేసే పని అయిపోగానే వస్తానన్నాడు. ఏ రోజు అని అడిగాను. కొంచెం ఆలోచించి, వచ్చే శుక్రవారం సాయంత్రం బస్సుకు అన్నాడు. ఆ మాట వాడికే చెప్పించాను. టైమ్ జల్దీ పోవడం గురించి వాడు మళ్లీ అడగలేదు. గురువారం తన అంగీ తానే ఉతుక్కున్నాడు. నాన్నకు చూపించాలని నోట్‌బుక్కులో ఎక్కాలు చక్కగా దించుకున్నాడు. శుక్రవారం బస్సు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ గేటు దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతి బండినీ చూస్తూ ఉన్నాడు.