కబురు మోయువారి నమ్మకత్వము

ధ్యానభాగము: 2 సమూయేలు 18:19–32



మా సంఘములోని ఒక సింగరేణి కార్మికుని కుమార్తె పత్రికారచనలో పట్టా పొంది, ఇటీవల ఈ బొగ్గు ప్రాంతపు ఒక పట్టణ కార్యాలయములో తాత్కాలిక ఉద్యోగమున చేరినది. కార్యాలయపు పనులను గూర్చి పత్రికలకు వ్రాసి పంపుట, వీధులు తిరుగు ఆటో మైకునకు ప్రకటన సిద్ధము చేయుట, ఫోనులో వార్డు ప్రజలకు కబురందించుట ఆమె పని. ఆ ఆదివారము మేమందరము దేవునికి స్తోత్రములు చెల్లించితిమి. మూడు వారములు నిండకముందే ఆమె మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, జీతమిచ్చువారు చెప్పుమన్నదే చెప్పవలెనా, నాకు తెలిసినది చెప్పవలెనా?" అని అడిగినది.

జరిగిన సంగతి యిది. ఒక పేటలో కుళాయి నీరు రంగు మారి వచ్చుచుండెను. గొట్టము పగిలి మురుగు కలిసినదని ఇంజనీరు ఆమెతో చెప్పెను. పైవారు మాత్రము, స్వల్ప మరమ్మతుల వలన నీటి సరఫరాకు అంతరాయము కలుగుచున్నదని వ్రాయుమనిరి. ఆ మాటలో అబద్ధమెక్కడ? మరమ్మతు జరుగుచునే యున్నది, అంతరాయమును నిజమే. అయినను ఆ ప్రకటన విన్న తల్లి అదే నీటిని బిడ్డకు త్రాగించును గదా!

నాకు అహిమయస్సు జ్ఞాపకము వచ్చెను. ఎఫ్రాయిము అడవిలో జయము కలిగిన దినమున, రాజునకు కబురు చెప్పుటకు అతడు ఎంతో ఆశపడెను. రాజకుమారుడు చనిపోయెను గనుక వద్దని యోవాబు చెప్పి, కూషీయుని పంపెను. అహిమయస్సు పట్టు విడువక మైదానపు త్రోవను పరుగెత్తి కూషీయుని దాటిపోయెను. దావీదు అడిగినది ఒక్కటే: అబ్షాలోము క్షేమమా? అహిమయస్సు తెలిసియుండియు, ఏదో అల్లరి చూచితినిగాని అదేమో తెలియదనెను. రాజు అతనిని ప్రక్కకు నిలువుమనెను. వెనుక వచ్చిన కూషీయుడు మెత్తని మాటలతోనే సత్యము చెప్పెను.

అహిమయస్సు చెడ్డవాడు కాడు. అతడు మంచివాడని దావీదే పలికెను. అతడు చెప్పిన జయవార్తయు నిజమే. అడిగిన ప్రశ్నకు మాత్రము జవాబు లేదు. కబురు మోయు ఉద్యోగములో ప్రవేశించు యౌవనస్థులకు ఇదే మొదటి శోధన. వేగమున్నది, భాష యున్నది, మంచి మనస్సును ఉన్నది; అయినను నొప్పించు మాట నోట రాదు.

అట్లయిన కార్యాలయమునకు తెలిసినదెల్ల వీధిలో చాటవలెనా? అక్కరలేదు. ఒక పేదరాలి రోగమును, తెరువని టెండరులోని ధరను దాచుట న్యాయమే. మరి న్యాయమైన మౌనమేది, మోసపు మౌనమేది? మన గనులలో దీనికి మంచి దృష్టాంతమున్నది. షిఫ్టు మొదలగుటకు ముందు సర్దారు పనిస్థలమునకు పోయి, కర్రతో పైబండను తట్టి శబ్దము వినును, వాయువున్నదేమో పరీక్షించును, చూచినది పుస్తకములో వ్రాసి సంతకము చేయును. ఆ వ్రాతను నమ్మియే మనుష్యులు బండ క్రిందికి పోవుదురు. అతడు తన ఇంటి సంగతులు వ్రాయకున్న తప్పులేదు. బోలు శబ్దము విని వ్రాయకున్నయెడల అది హత్యతో సమానము. కావున వినువాడు మన మాటను నమ్మి అడుగు వేయునా అని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. వేయునట్లయిన, సగము చెప్పుట అబద్ధమే.

దేశపు చట్టమును దీనికి దూరముగా లేదు. 2005 సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ప్రజలకు సంబంధించిన నిర్ణయములను ప్రకటించునప్పుడు ముఖ్యమైన వాస్తవములన్నియు అడుగకముందే తెలుపవలెననియు, స్థానిక భాషలో, ఆ ప్రాంతమునకు తగిన విధముగా చెప్పవలెననియు శాసించుచున్నది. గనుల వంటి వాటికి పర్యావరణ అనుమతి నిమిత్తము జరుగు ప్రజాభిప్రాయ సేకరణకు కనీసము 30 దినముల ముందు పత్రికలలో నోటీసు ఇయ్యవలెనని 2006 నాటి కేంద్ర ప్రకటన చెప్పుచున్నది. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు కూడ చేయవలెనట! ఊరి డప్పునకు చట్టము ఇచ్చిన ఈ గౌరవమును చూడుడి. ఎజ్రా కాలమున లేవీయులు ధర్మశాస్త్రమును చదివి ఊరకుండలేదు. జనులు గ్రహించునట్లు అర్థము చెప్పిరి (నెహెమ్యా 8). ప్రజలు గ్రహించినప్పుడే ప్రకటన ప్రకటన యగును.

ఇది పైవారిమీద తిరుగుబాటని కొందరు తలంచవచ్చును. 1 రాజులు 22వ అధ్యాయము చదువుడి. మీకాయాను పిలువబోయిన దూతయు కబురు మోయువాడే. నాలుగువందలమంది ప్రవక్తలతో ఏకీభవించి రాజునకు అనుకూలముగా పలుకుమని అతడు మీకాయాకు సలహా యిచ్చెను. ఆ ఇంపైన మాటలు విని అహాబు రామోత్గిలాదుకు పోయి ప్రాణము పోగొట్టుకొనెను. రాజునకు మేలు కోరినవాడు మీకాయాయే. అయితే అతనికి దొరికినది చెరసాల అన్నమని మరువకుడి. సత్యము చెప్పువారికి నష్టము రాదని నేను ఆ అమ్మాయికి చెప్పలేదు.

ఆమె మరునాడు ప్రకటనలో గొట్టము పగిలి మురుగు కలిసినదనియు, నీరు కాచి త్రాగవలెననియు చేర్చి, పైఅధికారి యెదుట పెట్టినది. ఆయన విసుగుకొని మురుగు మాట కొట్టివేసి, కాచి త్రాగవలెనను మాట ఉంచెను. సాయంత్రము ఆటో పేటలో తిరిగెను. ఆ తల్లికి అవసరమైన మాట చేరినది. సగము ఇంకను మిగిలియున్నదని ఈమెకు నెమ్మది లేదు. ఆ నెమ్మదిలేమి పోగొట్టుటకు నేను ప్రయత్నింపలేదు. అది దేవుడిచ్చిన కాపుదల.

ఇక నా సంగతి. గుడి కప్పు నిమిత్తము సంఘమిచ్చిన సొమ్ములో కొంత వేరొక అక్కరకు వాడి, పని ఆలస్యమగుచున్నదని మాత్రమే నేను బల్లయొద్దనుండి ప్రకటించియుంటిని. నేనును అహిమయస్సునే. ఆ అమ్మాయి వెళ్లిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. తరువాతి ఆదివారము లెక్క చదివి క్షమాపణ అడిగితిని. కొందరు కోపించిరి, అది న్యాయమే.

సంఘమా, మన పిల్లలు ఇట్టి ఉద్యోగములలో చేరినప్పుడు స్తోత్రము చెల్లించుట సులభము. నిజము చెప్పినందుకు ఆమె ఉద్యోగము రేపు పొడిగింపబడనియెడల, ఆ ఇంటికి బియ్యము మోయువారు మనలో ఎవరు?

ప్రార్థన: ప్రభువా, మా నోటికి సత్యమును, సత్యమునకు మృదుత్వమును దయచేయుము. కబురు మోయు మా బిడ్డలను కాపాడుము. వారి ప్రక్కను నిలుచు ధైర్యము మాకిమ్ము. ఆమేన్.