కలుపులోనే కలుపు మందు

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడుస్తుంటే ఖాళీ జాగాల్లో తెల్లపూల వయ్యారిభామ కనిపిస్తుంది. 1950ల్లో పుణె దగ్గర బయటపడ్డ ఈ అమెరికా మొక్క దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ అనే చేదు పదార్థం మట్టిలో చేరి పక్క విత్తనాలను మొలకెత్తనివ్వదు. ఆ విషాన్నే కలుపు మందుగా మార్చవచ్చా అని శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు.

సముద్రంలోనూ అంతే. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కాలెర్పా నాచుకు కాలెర్పెనైన్ అనే విషం రక్షణ. సముద్రపు నాచుల రసాలు కలుపు గింజలను ఆపగలవా అన్న పరిశోధనలూ సాగుతున్నాయి.

నాకైతే మన జొన్న మీదే ఎక్కువ ఆశ. దాని వేర్లు సోర్గోలియోన్‌ను స్రవించి చుట్టూ కలుపును అణచేస్తాయి. జొన్న రైతు ఎన్నడూ కొనని మందు అది! వయ్యారిభామను మాత్రం పూత రాకముందే పీకాలి, చేతులకు తొడుగులు వేసుకుని. ఆ పార్థెనినే చర్మానికి దద్దుర్లు తెస్తుంది.