సంతానము - పెద్దల మాట

వివాహమై యేడాది తిరుగకముందే కోడలిని చూచినవారెల్లరు అడుగు ప్రశ్న యొకటి కలదు: “ఏమమ్మా, విశేషమేమైన ఉన్నదా?” అడుగువారు పగవారు కారు. మేనత్తలు, పినతల్లులు, ఇరుగుపొరుగు ముత్తైదువలు. చిక్కంతయు నచ్చటనే యున్నది. ద్వేషముతో అన్న మాటను త్రోసివేయవచ్చును. ప్రేమతో అన్న మాటను త్రోసివేయుట యెట్లు?

బిడ్డను కనవలెనా, ఎప్పుడు కనవలెను, ఎందరిని కనవలెను అను నిర్ణయము దంపతులదని అడిగినవారందరును ఒప్పుకొందురు. కాని మన యిండ్లలో అది జరుగు చోటు వేరు. వంటయింట, పేరంటమున, పండుగకు వచ్చిన చుట్టముల నడుమ అది నిశ్చయమగుచున్నది. భర్త తల్లికి ఎదురు చెప్పలేక మౌనము వహించును. ఆ మౌనమే తీర్పగును.

నా యింటి ముచ్చటయే చెప్పెదను. మాకు ఇరువురు ఆడపిల్లలు. రెండవ కాన్పునకే నా భార్య రక్తహీనతచే నెలల తరబడి మంచము పట్టినది. మూడేండ్లు గడచిన పిమ్మట మా తల్లిగారు “ఇంకొక్క కాన్పు చూడు బిడ్డా, వంశము నిలువవలె గదా” అనిరి. గద్దించి అనలేదు, కోడలి తలకు నూనె పెట్టుచు అనిరి. నేను అచ్చటనే కూర్చుండి, “నీ అభిప్రాయమేమి?” అని నా భార్యను అడిగితిని. ఆమె తల యూపినది. దానిని సమ్మతిగా గ్రహించి నా బాధ్యత తీరినదనుకొంటిని. ఐదవ నెలలో గర్భస్రావమయ్యెను; ఆమె ప్రాణము దక్కుటయే పదివేలయినది. చాలకాలమునకు ఆమె ఒక్కమాట అన్నది: “మీరు అడిగినది మీ అమ్మగారి యెదుట గదా!” నేను వ్యాకరణము బోధించువాడను. ప్రశ్నార్థకమునకును విధ్యర్థకమునకును గల భేదమును ఏటేట పిల్లలకు చెప్పువాడను. నాడు నా నోట వెలువడినది ప్రశ్న కాదని నాకు తెలియలేదు.

మా తల్లిగారు అన్న ‘వంశము’ అను మాటను గూర్చి కొంత ఆలోచింపవలసియున్నది. దానికి తోడుగా “కొరివి పెట్టువాడు వలదా?” అని కూడ మన యిండ్లలో అనుచుందురు. మన సంప్రదాయమున కొరివి యెక్కడిది? లింగైక్యము నొందినవారి దేహమును ఇష్టలింగముతో గూడ కూర్చుండబెట్టి సమాధి చేయుదుము. చితి లేదు. పుత్రుడు పిండము పెట్టిననే తండ్రి తరించునను మాటను శరణులు అంగీకరింపలేదు. పురిటి సూతకమును సైతము త్రోసిపుచ్చిరి. లింగధారణమునందు స్త్రీకి పురుషునితో సమానమైన అధికార మొసగిరి. ఇన్ని యుండియు, మనకు లేని కొరివికై మన కోడండ్రను కాన్పుల పాలు చేయుచున్నాము. ఇది పొరుగింటి అప్పును మన కోడలిచేత తీర్పించుట వంటిది. మన మఠములలో ప్రసంగించు పెద్దలు ఈ సంగతిని ఇంకను గట్టిగా చెప్పవలసియుండెనని నా మనవి.

ఇట్లన్నంత మాత్రమున సంతానమును కోరుట తప్పని నా భావము కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదాంబ బిడ్డకై నందికేశ్వరుని ఆరాధించినది. ఆ కోరిక ఆమెది, ఆ నోము ఆమెది. ఆ పురాణముననే, అట్లు కలిగిన కుమారుడు ఉపనయనమునకు సమ్మతింపక తండ్రితో వాదించి గడప దాటినాడు. నోచి కన్న తల్లికిని, తండ్రి మాటకు తల యొగ్గని కుమారునికిని ఒకే కథలో గౌరవము దక్కినది.

ఒత్తిడి కనుమని మాత్రమే ఉండదు. ఇక చాలునను ఒత్తిడియు కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఒక్కొక్క స్త్రీకి సగటున కలుగు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. కుటుంబములు చిన్నవైనవి, మంచిదే. కాని ఆ సర్వేయందే మరియొక లెక్క యున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల లోపు వివాహితలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకొన్నవారు. భర్తలు చేయించుకొన్న కుటుంబములు నూటికి ఒకటియైనను లేవు. నిర్ణయము ఇంటిల్లిపాదిది, కత్తిగాటు మాత్రము ఒక్కరిది! గర్భము విషయమున చట్టము ఇంతకంటె స్పష్టముగా నున్నది. 1971 నాటి చట్టము ప్రకారము వైద్యుడు గర్భవిచ్ఛిత్తి చేయుటకు వయస్సు వచ్చిన స్త్రీ సమ్మతి చాలును. భర్త సంతకము అక్కరలేదు. సంతానమును గూర్చి స్త్రీ చేసికొను నిర్ణయము ఆమె వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పినది.

“పెంచెడి చేతులు మావి, మాట్లాడు హక్కు మాకు లేదా?” అని అత్తగారు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. భార్యాభర్త లిరువురును ఉద్యోగములకు పోవు నేటి యిండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు లేనిదే బిడ్డలు పెరుగరు. “నాకు ఓపిక యున్నది, పెంచెదను” అనుట వారి హక్కు. “మోకాళ్ళు పనిచేయుట లేదు, ఇక నావలన కాదు” అనుటయు హక్కే. తాము ఇయ్యగలిగినదేమో, ఇయ్యలేనిదేమో చెప్పుట వారి పని. అది విన్న పిమ్మట ఏమి చేయవలెనన్నది కనెడి యామె పని.

మొన్నటి శివరాత్రికి మా పెద్దమ్మాయి వచ్చినది. ఆమెకు ఒక్క ఆడపిల్ల. “నాకు ఈమె చాలు నాన్నా” అన్నది. ‘మనుమడు’ అను మాట నా నాలుక చివర వరకు వచ్చినది. నా భార్య నా వంక చూచినది. మనుమరాలిని ఎత్తుకొని మఠమునకు పోయితిని. తిరిగి వచ్చునప్పటికి తల్లియు కూతురును వంటయింట ఏదియో మాటలాడుకొనుచుండిరి. నన్ను చూచి మాట ఆపలేదు.