ఆడకూలి, మగకూలి: సామాన్యం అనే పాత చిక్కు

పనిచోట స్త్రీలపట్ల వివక్ష జరిగిందని కొందరు అందరి తరఫునా వేసే సామూహిక దావాలో ఒక తాత్త్విక ప్రశ్న దాగి ఉంటుంది. నష్టపోయింది ఒక్కొక్క మనిషా, ‘స్త్రీలు’ అనే వర్గమా? భారతీయ తర్కానికి ఇది కొత్త కాదు. ఆవులన్నిటిలో గోత్వమనే ఒకే ధర్మం నిజంగా ఉందని న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల వాదం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇలాంటి ఉమ్మడి ధర్మమైన సామాన్యం నిత్యమనీ, ఒక్కటే అయినా అనేక వ్యక్తుల్లో ఉంటుందనీ నిర్వచించాడు. దిఙ్నాగుడి బౌద్ధ సంప్రదాయం దీన్ని ఒప్పుకోలేదు: ఉన్నవి విడివిడి వ్యక్తులే, ‘ఆవు’ అనే మాట ఆవు కానివాటిని పక్కకు తోసేస్తుంది, అంతే.

2011లో అమెరికా సుప్రీంకోర్టు వాల్‌మార్ట్ కేసులో, తెలియకుండానే, దిఙ్నాగుడి పక్కన నిలిచింది. జీతాల్లో, ప్రమోషన్లలో అన్యాయం జరిగిందంటూ సుమారు 15 లక్షల మంది స్త్రీల తరఫున వచ్చిన దావా అది. నిర్ణయాలు ఎక్కడి మేనేజర్లు అక్కడ తీసుకున్నవనీ, అందరినీ కలిపే ఉమ్మడి ప్రశ్న కనబడలేదనీ మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు.

ఇక మన గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలవైపు వెళితే ఆ ఉమ్మడి ప్రశ్న మాటలోనే దొరుకుతుంది. ‘ఆడకూలి’, ‘మగకూలి’ అన్నవి అక్కడ రెండు రేట్ల పేర్లు. ఎవరి చెయ్యి ఎంత చురుకో చూడకముందే రోజుకూలి ఖాయమవుతుంది. వర్గాన్ని బట్టే రేటు. నైయాయికుడికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే 1976 సమాన వేతన చట్టం నుంచి 2019 వేతనాల కోడ్‌లోకి వచ్చిన సూత్రం ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి వర్తిస్తుంది. మందు కొట్టడం మగపని, కాయ కోత ఆడపని అని పంచితే తగాదా మనుషుల సామాన్యం మీద నుంచి పనుల సామాన్యం మీదికి జారుతుంది. నడుం వంచి ఎండలో కోసే పని ఏ తరహాదో తేల్చేది ప్రభుత్వం ప్రకటించిన అధికారి.

ప్రతీకారం దగ్గర మాత్రం బౌద్ధుడిదే పైచేయి. రేటు అందరిది, దెబ్బ ఒక్కరికే: నోరు విప్పిన మనిషిని మేస్త్రి మర్నాడు పనికి పిలవడు. ఉత్తర్వు ఉండదు, కాగితం ఉండదు. ఫిర్యాదు చేసినవారిపై కక్షసాధింపును అమెరికా 1964 పౌరహక్కుల చట్టం విడిగా, స్పష్టంగా నిషేధించింది. ఇక అందరి తరఫునా దావా సంగతికొస్తే, మన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒకే ప్రయోజనం ఉన్న పలువురి తరఫున, కోర్టు అనుమతితో, ఒకరైనా దావా నడపవచ్చంటుంది. మిగతావారికి నోటీసు వెళ్లాలి. దాని ఖర్చు మాత్రం వాదిదే.