సుంకం ఎవరికి గోడ?

శ్రీకాళహస్తిలో, స్వర్ణముఖి ఒడ్డున కలంకారీ గుడ్డలు ఉతకడం మనలో చాలామందిమి చూశాం. ఒకప్పుడు మచిలీపట్నం వైపు నుంచి ఇలాంటి అద్దకపు గుడ్డలు ఓడలెక్కి ఇంగ్లండు దాకా పోయేవి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ కూడు పోతోందని గోల పెట్టారు. ఆ దేశంలో వాడకానికి ఈ గుడ్డల దిగుమతిని 1700లో చట్టం చేసి ఆపారు. 1721 చట్టం ఏకంగా కట్టుకోవడాన్నే నిషేధించింది. మరమగ్గాలు వచ్చాక మాట మారింది. తమ మిల్లు గుడ్డకు మన దేశంలో సుంకం అడ్డమన్నారు. 1882లో ఆ సుంకం తీసేయించారు.

లండన్ నేతగాడి ఆకలి అబద్ధం కాదు. మన నేతగాడి ఆకలీ అబద్ధం కాదు. తేడా ఒక్కటే. చట్టం చేసేచోట ఒకరి మాట వినబడింది, ఇంకొకరిది వినబడలేదు.

వీళ్లిద్దరికన్నా వెనక మరొకరున్నారు. గుడ్డకు ఎరుపునిచ్చే చిరివేరును శ్రీహరికోట అడవిలో తవ్వి తెచ్చినవాళ్లు యానాదులు. ఓడ ఆగితే వర్తకుడి నష్టం లెక్కకెక్కుతుంది. వేరు తవ్వినవాడి నష్టం ఏ లెక్కకెక్కుతుంది?

ఎరుకలవాళ్ల కథ ఇంకా కఠినం. వాళ్లు సముద్రతీరం ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద లోపలి ఊళ్లకు చేర్చి, బదులు ధాన్యం తెచ్చుకునేవారు. 1805లో మద్రాసు రాజ్యంలో ఉప్పు కంపెనీ గుత్తసొత్తయింది. తర్వాత రైలొచ్చింది. వర్తకం పోయి దారులే మిగిలాయి. ఆ దారుల్లో తిరిగేవాళ్లకు దొంగలనే ముద్ర పడింది. 1911 నేరస్థ జాతుల చట్టం ఆ ముద్రను కాగితం మీదికి తెచ్చింది. 1952లో చట్టం పోయినా, మాట ఇంకా పోలేదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై 50 శాతం సుంకం వేసినప్పుడు దేశమంతా మాట్లాడింది. మాట్లాడాల్సిందే. అయితే గోడలన్నీ చెడ్డవని అనలేం. శ్రీకాళహస్తి కలంకారీకి ఉన్న భౌగోళిక గుర్తింపు కూడా ఒక గోడే. అది నకిలీని ఆపి, చేతిపనివాడిని కాయడానికి కట్టింది.

కాబట్టి సుంకం ఎంత అని అడిగి ఊరుకోకూడదు. ఈ గోడ ఎవరిని కాస్తుంది? అవతల ఎవరు మిగిలిపోతారు? కట్టేముందు వాళ్లను ఎవరైనా అడిగారా? ఉపాధ్యాయులు అర్థశాస్త్రం పాఠంలో ఈ మూడు ప్రశ్నలూ పిల్లల ముందుంచాలి. ఉప్పు మోసినవాళ్ల మనవలకు ఆ ప్రశ్నలు అడిగే హక్కు అందరికన్నా ముందుంది.